చిక్కడపల్లి పెళ్లిలో మా బడి బంతి

మోసే మనిషి "ఇది బరువు" అంటే నమ్మండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు సలహా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే. ఇంత చిన్న సంగతి తెలియక, తొంభైల నడిమిలో ఒక గురువారం, నూట ఇరవై మంది పిల్లలు తినాల్సిన అన్నాన్ని చిక్కడపల్లి మెయిన్ రోడ్డు పాలు చేసిన మనిషిని నేను.

ఇప్పుడు సర్కారు బడుల్లో మధ్యాహ్నం వండి పెట్టడం మామూలు విషయం. అప్పుడు మా దగ్గర అలా లేదు. బడికి సరిగ్గా వచ్చే పిల్లలకు నెలనెలా కొంత బియ్యం ఇంటికి ఇచ్చి పంపేవారు. బడిలోనే వేడిగా పెట్టాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. అశోక్‌నగర్‌లో కొందరు రిటైరైన పెద్దలు అలా పూనుకుని, ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో వంటశాల మొదలుపెట్టారు. నారాయణగూడ మార్కెట్ వెనక సందులో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు రోజూ అక్కడి నుంచి భోజనం వెళ్లాలి. ఆ పని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. నేను గుంటూరు వైపు నుంచి పెళ్లయి హైదరాబాద్ వచ్చిన కొత్త. హోమ్ సైన్సు చదివాను. ఏ గింజలో ఎంత మాంసకృత్తులున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నూట ఇరవై మందికి వండటం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

మొదటిరోజు ఆ బడి హెడ్‌మాస్టరు గారు నన్ను వరండాలోనే నిలబెట్టి మాట్లాడారు. యాభై దాటిన మనిషి, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క.

"మీకన్నా ముందు ఇద్దరొచ్చిన్రు మేడమ్," అన్నారు. "ఒకరు నెల పెట్టిన్రు, ఇంకొకరు పదిహేను దినాలు. ఆఖరి దినం రాలేమని చెప్పను కూడా చెప్పలే. పిల్లలు పళ్లాలు పట్టుకొని గీ వరండాలనే మూడున్నర దాక కూసున్నరు. తల్లులంతా పనికి పోయేటోళ్లు. బడిల పెడుతున్నరంటే ఇంటికాడ పొయ్యి ముట్టియ్యరు. సమజైతుందా?"

అయింది సార్ అన్నాను.

"ఒక్క దినం పిల్లలు ఉత్త పళ్లాలతోని కూసున్నా, తెల్లారి నుంచి మీరు రావద్దు. నారాజ్ కావద్దు, ముందే చెప్తున్న."

నేను నారాజ్ కాలేదు. కొంచెం భయపడ్డాను, అంతే.

మా వంటశాలకు మహారాణి ఒక వంటక్క. పెళ్లిళ్లలో వంట మేస్త్రీల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి వచ్చింది. నేను చార్టు ప్రకారం కిచిడీ చేయించాను. కారం తక్కువ, నూనె తక్కువ, సోయా ఎక్కువ. మూడు రోజులు పిల్లలు మూతులు బిగించుకుని తిన్నారు. నాలుగో రోజు ఒక రెండో తరగతి పిల్ల, రెండు జడలు, ముందు పన్ను లేదు, పళ్లెం నా ముందుకు తోసి, "టీచర్, గిది దవాఖాన అన్నం," అంది. వంటక్క నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాడు ఆమె నన్ను అడగకుండానే కిచిడీ మానేసి అన్నం, పప్పుచారు వండి, ఎల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు వేసి పోపు పెట్టింది. ఆ రోజు గుండిగలో గరిటెకు తగలడానికి ఒక్క మెతుకు మిగల్లేదు. నా చార్టు షెడ్డు గోడకు అలాగే ఉండిపోయింది. దానికి వంటక్క గరిటెలు తగిలించుకునేది.

భోజనం చేరవేసేది ట్రాలీ రిక్షాలో. రిక్షా అన్న అంబర్‌పేట నుంచి వచ్చేవాడు, సన్నగా, మితంగా మాట్లాడే మనిషి. అన్నం గుండిగ ఒక ట్రిప్పు, పప్పుచారు గుండిగ రెండో ట్రిప్పు. ఇక్కడే నా తెలివి పనిచేసింది. రెండో ట్రిప్పు వచ్చేలోపు అన్నం చల్లారిపోతోంది, పిల్లలు చేతులు కడుక్కుని కూర్చుని ఆవలిస్తున్నారు. రెండూ ఒకేసారి వస్తే పొగలు కక్కుతూ వడ్డించవచ్చు కదా. పైగా ఆ గురువారం మా సంఘం పెద్దలిద్దరు చూడటానికి వస్తామన్నారు. వాళ్ల ముందు నా పనితనం కనబడాలని ఉంది నాకు.

"ఒక్క ట్రిప్పులో వేసేద్దాం అన్నా," అన్నాను.

అతను గుండిగల వైపు చూశాడు, చక్రాల వైపు చూశాడు. "కాదమ్మా. బరువైతది. రోడ్డు కూడా మంచిగ లేదు, టెలిఫోనోళ్లు తవ్విపెట్టిన్రు."

"నెమ్మదిగా వెళ్దాం. నేను పక్కనే నడుస్తాను."

"మీరు పక్కన నడిస్తే బరువు తగ్గదు గదమ్మా," అన్నాడు, ఏ వెటకారమూ లేకుండా. నేను పట్టుబట్టాను. అతను తాళ్లు బిగించాడు. వంటక్క వడ్డనకు మాతో బయల్దేరింది.

అశోక్‌నగర్ సందులు దాటి చిక్కడపల్లి రోడ్డెక్కేదాకా అంతా బాగానే ఉంది. నేను ముందు నడుస్తూ స్కూటర్లను పక్కకు తొలగమంటున్నాను, ఊరేగింపు నడిపిస్తున్నదానిలా. ఒక పెళ్లి హాలు ముందు కార్లు ఆగి ఉన్నాయి, దారి ఇరుకైంది. ఎదురుగా బస్సు. రిక్షా అన్న ఎడమకు తిప్పాడు. ఎడమ చక్రం కేబుల్ గుంతలోకి దిగింది. రిక్షా ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు ఆగి, తర్వాత నిదానంగా, చాలా నిదానంగా పక్కకు ఒరిగింది. పప్పుచారు మొత్తం గుంతలోకి పోయింది. అన్నం గుండిగ మూత ఊడి, రోడ్డు నిండా అన్నం చల్లుకుంటూ దొర్లిపోయి హాలు గేటుకు తగిలి ఆగింది. పెళ్లికి వచ్చినవాళ్లు చీరలు, పంచెలు ఎత్తి పట్టుకుని పక్కకు జరిగారు.

రిక్షా అన్న మోకాలు గీరుకుపోయింది. ముందు దాన్ని చూశాను. "ఏం కాలే," అని తుడుచుకున్నాడు. నేను చెప్పలేదా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. అంటే బాగుండేది.

టైము పన్నెండు. బడిలో పన్నెండున్నరకు గంట కొడతారు. షెడ్డుకు వెనక్కి వెళ్లి నూట ఇరవై మందికి వండి తేవాలంటే రెండు గంటలు పడుతుంది. నేను ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. హెడ్‌మాస్టరు గారి మాట, వస్తామన్న పెద్దలు, ఉద్యోగం, అన్నీ గుర్తొచ్చాయి. తర్వాత అవన్నీ పోయి, వరండాలో పళ్లాలు పట్టుకుని కూర్చున్న పిల్లలు మాత్రమే మిగిలారు. ఏడుపు వచ్చింది.

వంటక్క మాత్రం ఏడవలేదు. ముక్కు ఎగబీల్చి గాలి చూస్తోంది. హాల్లోంచి నెయ్యి వాసన వస్తోంది.

"గుత్తి వంకాయ," అంది. "లోపల వండేటాయన నాకు ఎరికే. జర లే అమ్మా, పోదాం."

"ఎక్కడికి?"

"అడుగుదాం. అడిగితే కొడతరా?"

వెనక గుమ్మం నుంచి వంటింట్లోకి వెళ్లాం. వంట మేస్త్రి ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. సంగతి విని తల గోక్కున్నాడు. "నాది వండుడే అక్కా. పెట్టుడు పెండ్లోళ్ల ఇష్టం. ఆడపిల్ల నాయనను అడుగుండ్రి."

పెళ్లికూతురి నాన్నగారు ఆ పూట ఎవరూ అడగకూడని మనిషి. వాళ్లు నారాయణగూడలో ఎన్నో ఏళ్లుగా ఉంటున్న కుటుంబం. మగపెళ్లివారు విజయవాడ నుంచి బస్సులో దిగారు. తెల్లవారి కాఫీ దగ్గర మొదలైన పేచీలతో ఆయన అప్పటికే సగమై ఉన్నారు. ముహూర్తం అయిపోయింది, మొదటి బంతికి విస్తర్లు వేస్తున్నారు. నేను చేతులు జోడించి, రోడ్డు మీద జరిగింది, బడి, పిల్లలు, అన్నీ చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

ఆయన కఠినాత్ముడు కాదు. బాధపడ్డారు. "పెట్టద్దని కాదమ్మా. మూడో బంతిల పిలుచుకరా, కడుపునిండ పెడత. గిప్పుడు మాత్రం వియ్యాలవారు కూసోవాలె. వాళ్లకన్న ముందు ఎవలకు పెట్టినా నా బిడ్డ రేపటి సంది మాటలు పడతది."

ఆయన చెప్పింది న్యాయమే. మూడో బంతి అంటే రెండున్నర. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"ఏమిటక్కడ?" అని ఒక గొంతు. పట్టుచీర, వెండి జుట్టు, చేతికర్ర. ఆమె పెళ్లికొడుకు నాయనమ్మ. ఆ ముసలావిడను చూడగానే పెళ్లికూతురి నాన్నగారు గబగబా కండువా సర్దుకున్నారు. పొద్దున కాఫీ వెనక్కి పంపింది ఈవిడే అని తర్వాత తెలిసింది.

"ఏం లేదమ్మా, బడిపిల్లల సంగతి," అన్నారాయన.

"ఏం లేకపోతే ఈ అమ్మాయి ఎందుకు ఏడుస్తోంది?"

నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మా ఊరి యాస వినేసరికి ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏ ఊరమ్మాయ్ మీది?" అంది. చెప్పాను. "ఎంతమంది పిల్లలు?"

"నూట ఇరవై మందండీ."

"ఎంత వయసువాళ్లు?"

"పదేళ్ల లోపు."

ఆవిడ విస్తర్ల వైపు చూసింది. అప్పుడే కూర్చోబోతున్న తన వాళ్ల వైపు చూసింది. "లేవండర్రా," అంది. "మనం ఒక గంటాగి తింటే ప్రాణాలు పోవు. పొద్దున ఇడ్లీలు మీరెన్నెన్ని తిన్నారో నేను చూశాను."

ఎవరో మేనమామ వరసాయన గొణిగాడు. మరొకాయన కుర్చీ రోడ్డువైపు తిప్పుకుని అలిగి కూర్చున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. పెళ్లికూతురి నాన్నగారితో, "బాబూ, మాటలు ఎవరన్నా అంటే నాకు చెప్పండి. మా ఇంట్లో మాటలనే హక్కు నాదే, ఇంకెవరికీ ఇవ్వలేదు," అంది. ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వినట్టున్నారు.

నేను ఆటో పట్టుకుని బడికి పరుగెత్తాను. అప్పటికి గంట కొట్టేశారు. పిల్లలు వరండాలో పళ్లాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. మా సంఘం పెద్దలిద్దరూ కుర్చీల్లో ఉన్నారు. హెడ్‌మాస్టరు గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. రిక్షా లేకుండా నన్నొక్కదాన్నే చూసి ఆయన నా వెనక సందులోకి తొంగిచూశారు.

"సార్, అన్నం రోడ్డు మీద పడిపోయింది. రిక్షా అన్న వద్దంటున్నా నేనే ఎక్కువ బరువు వేయించాను. కానీ పిల్లలకు భోజనం ఉంది. చిక్కడపల్లిలో ఒక పెళ్లిలో. వాళ్లు పిలుస్తున్నారు. మీరు పంపితే."

ఆయన సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పారు. "పెండ్లోళ్లు పిలిచిన్రా, మీరు అడుక్కున్నరా?"

"మేము అడిగాం. తర్వాత వాళ్లు పిలిచారు."

అబద్ధం చెప్పనందుకు ఈరోజుకీ సంతోషిస్తాను. ఆయన వరండా వైపు తిరిగారు. "అందరు లేవుండ్రి. ఇద్దరిద్దరు చేతులు పట్టుకోండ్రి. పెండ్లికి పోతున్నం. లొల్లి చెయ్యద్దు."

ఆ లొల్లి చేయవద్దు అన్న మాట తప్ప మిగతావన్నీ పిల్లలు విన్నారు.

అలాంటి నడక నేను మళ్లీ చూడలేదు. నూట ఇరవై మంది, ఇద్దరిద్దరుగా, చంకలో పళ్లాలు. కొందరికి చెప్పులున్నాయి, కొందరికి లేవు. ముందు హెడ్‌మాస్టరు గారు, చివర మా సంఘం పెద్దలిద్దరు, మధ్యలో టీచర్లు. నారాయణగూడ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చేయెత్తి నాలుగు వైపులా బస్సులు ఆపేశాడు. ఒక బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏడికి సార్ ఫౌజంతా?" అని అడిగాడు. "దావత్‌కు," అన్నారు హెడ్‌మాస్టరు గారు, నడక ఆపకుండా.

హాలు దగ్గర బాజాలవాళ్లు భోజనాలకు లేవబోతూ మమ్మల్ని చూశారు. సన్నాయి ఆయన మళ్లీ కూర్చుని ఊదడం మొదలుపెట్టాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పలేదేమో.

పిల్లలు బంతిలో కూర్చున్నారు. ఎదురుగా అరటాకు, దానితో ఏం చేయాలో తెలియక ప్రతివాడూ తన పళ్లేన్ని ఆకు మధ్యలో పెట్టుకున్నాడు. తీసేయమంటే ఇవ్వరు. వడ్డించేవాళ్లు నవ్వి పళ్లెంలోనే వడ్డించారు. పులిహోర, బూరెలు, గుత్తి వంకాయ, పప్పు, సాంబారు, అప్పడం, పెరుగు. నాయనమ్మ గారు కర్ర పట్టుకుని వరసల మధ్య తిరుగుతోంది. "నెయ్యి ఎవరు వడ్డిస్తున్నారు? చుక్కలు లెక్కపెడుతున్నావా నాయనా?" హెడ్‌మాస్టరు గారు చొక్కా చేతులు మడిచి సాంబారు బకెట్టు అందుకున్నారు. మా సంఘం పెద్దల్లో ఒకాయన మంచినీళ్లు పోస్తున్నారు. పనితనం చూడటానికి వచ్చిన మనిషి ఆ రోజు చేసినంత పని అంతకు ముందెప్పుడూ చేసి ఉండరు.

ముందు పన్ను లేని ఆ రెండు జడల పిల్ల బూరెను కొరకలేక రెండు చేతులతో విడదీసి, లోపలి పూర్ణం ముందు తినేసింది. తర్వాత ఇంకో బూరె అడిగి, ఎవరూ చూడలేదనుకుని గౌను జేబులో పెట్టుకుంది. "ఎవరికమ్మా?" అని అడిగాను. "తమ్మునికి. వాడు ఇంకా బడికి రాడు, చిన్నోడు," అంది. ఆ మాట నాయనమ్మ గారి చెవిన పడింది. బయటికి వెళ్లే పిల్లలందరి చేతుల్లోనూ కాగితంలో చుట్టిన రెండేసి బూరెలు పడ్డాయి.

అప్పటికి వంటింట్లో ఇంకో కథ నడుస్తోంది. నూట ఇరవై మంది తింటే వియ్యాలవారికి అన్నం, పప్పు తగ్గుతాయి. అది మేము అడగకముందే వంటక్కకు తెలుసు. నేను బడికి వెళ్లిన గంటలో ఆమె కొంగు నడుముకు దోపి, మేస్త్రితో కలిసి మళ్లీ బియ్యం ఎక్కించింది. ఉన్న టమాటాలన్నీ వేసి పప్పు చేసింది. పైన తన ఎల్లిపాయ పోపు. రిక్షా అన్న మోకాలికి గుడ్డ కట్టుకుని కట్టెలు అందించాడు. వియ్యాలవారు బంతిలో కూర్చున్నప్పుడు ఆ పప్పు పొగలు కక్కుతూ వచ్చింది. కుర్చీ రోడ్డువైపు తిప్పుకున్న ఆయన ముందు అన్నంలో కలుపుకున్నాడు, తర్వాత ఇంకొంచెం అడిగాడు, చివరికి గిన్నె తన పక్కనే పెట్టించుకున్నాడు. నాయనమ్మ గారు వంటక్కను పిలిపించి, "మాతో విజయవాడ వచ్చేస్తావా?" అంది. "మీరే ఈడికి రాండ్రి అమ్మా, రోజు చేసి పెడత," అంది వంటక్క.

ఆ తర్వాత బయట అరుగు మీద రిక్షా అన్న, నేను పక్కపక్కన కూర్చుని తిన్నాం. "అన్నా, నీ మాట వినాల్సింది. తప్పు నాది," అన్నాను. అతను సాంబారు అన్నం కలుపుతూ, "రేపటి సంది రెండు ట్రిప్పులు," అన్నాడు. ఇంకో ముద్ద తిని, "ఒకటి మాత్రం ఉందమ్మా. నా పెండ్లిల కూడా నేను ఇంత మంచిగ తినలే," అన్నాడు. ఇద్దరం నవ్వాం.

మర్నాడు నేను బడికి భయపడుతూనే వెళ్లాను. మొదటి ట్రిప్పు పన్నెండుకే చేరింది. హెడ్‌మాస్టరు గారు అన్నం గుండిగ మూత తీసి చూసి, మూత పెట్టి, "నిన్న పళ్లాలు ఉత్తగ లేకుండె," అన్నారు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు నుంచి గరిటె పట్టుకుని వరసలో నిలబడటం మొదలుపెట్టారు. రిటైరయ్యేదాకా పప్పుచారు ఆయనే పోసేవారు. చల్లారిన అన్నం సంగతి కూడా వంటక్క తేల్చేసింది. గుండిగ చుట్టూ గోనెసంచి కట్టి, మూత కింద తడిగుడ్డ వేసింది. అంత సులువైన ఉపాయం నాకు ముందే ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడగలే గద బిడ్డా," అంది.

పిల్లలు మాత్రం వారం రోజులు మమ్మల్ని బతకనివ్వలేదు. రిక్షా కనబడగానే "ఇయ్యాల బూరెలు ఉన్నయా?" అని అడిగేవాళ్లు. లేవంటే, తెలివిగా, "గయితే పెండ్లి ఎప్పుడు?" అనేవాళ్లు.

వేసవి సెలవులు అయిపోయి బడి మళ్లీ తెరిచిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కొత్త జంట ఒకటి గేటు దగ్గర నిలబడింది. కొంచెం సేపటికి గానీ గుర్తుపట్టలేకపోయాను. ఆషాఢమని పుట్టింటికి వచ్చిన ఆ పెళ్లికూతురు, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఆమెను చూడవచ్చిన పెళ్లికొడుకు. వాళ్ల పెళ్లి ఫొటోల్లో సగం మా పిల్లలే ఉన్నారని, వాళ్లెవరో చూసిపోదామని వచ్చామని చెప్పారు. కుర్చీలు వేయబోతే వద్దని, ఆ అమ్మాయి పిల్లల వరసలో కింద కూర్చుంది. ఎవరో పళ్లెం ఇచ్చారు. హెడ్‌మాస్టరు గారు పప్పుచారు పోశారు.

పక్కన కూర్చున్నది రెండు జడల పిల్లే. కొత్త పన్ను సగం వచ్చింది. ఆమె ముఖం, మెడలో నల్లపూసలు, అన్నీ ఒకసారి పరీక్షగా చూసింది.

"అక్కా, నువ్వు మా పెండ్లికి వచ్చినవు గద?" అంది.

పెళ్లికూతురు ముద్ద నోటి దగ్గరే ఆపి, ఒక్క క్షణం ఆలోచించింది.

"అవు చెల్లె, వచ్చిన," అంది. "భోజనం మంచిగ పెట్టిన్రు."